ప్రిస్కిల్లా టీచర్ సాక్ష్యం

సాక్ష్యం చెప్పడంలో ప్రిస్కిల్లా టీచర్ని మించినవాళ్లు ధవళేశ్వరం సంఘం మొత్తమ్మీద లేరు. రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడ్డ దగ్గర్నుంచీ ఏ ఊళ్లో సువార్త కూడికలు జరిగినా ఆవిడకి పిలుపొచ్చేది. ఆవిడ మైకు పుచ్చుకుందంటే పందిట్లో పసిపిల్లలు కూడా కిక్కురుమనేవాళ్లు కాదు. గడ్డ బయటపడటం, ఆపరేషన్, తర్వాత డాక్టర్లు చేతులెత్తెయ్యడం, తను మోకాళ్ల మీద పడి ఏడవడం, ప్రభువు ముట్టడం, రిపోర్టు చూసి డాక్టర్లే నోరెళ్లబెట్టడం. అక్కడికి వచ్చేసరికి హల్లెలూయలతో పందిరి ఎగిరిపోయేది.

నిజానికి ఏ డాక్టరూ చేతులెత్తెయ్యలేదు. ఆపరేషన్ అయ్యాక నెలల తరబడి కీమో ఎక్కించారు, ఆపైన రేడియేషన్ కరెంటు పెట్టారు. అవేవీ సాక్ష్యంలో ఉండేవి కావు. అబద్ధమాడుతున్నానని ఆవిడ ఏనాడూ అనుకోలేదు, పాపం. సాక్ష్యమంటే అందరూ అలాగే చెప్తారు. మందుల సంగతి ఎత్తితే దేవుడి మహిమలో కొంత కోసి ఆసుపత్రికి పెట్టినట్టుంటుందని భయం. పైగా జుట్టూడిన ఆ గుండు ఎవరి కంటా పడకూడదని బడికి సెలవుపెట్టి ఇంట్లోంచి కదల్లేదు. ఇంట్లోవాళ్లని ఒక్క ఫోటో కూడా తియ్యనివ్వలేదు.

రాజమండ్రిలో ఆవిడకి వైద్యం చేసిన ఆసుపత్రిలోనే, జబ్బు తగ్గినవాళ్లకి శిక్షణ ఇచ్చి కొత్త రోగుల పక్కన కూర్చోబెట్టే పని మొదలుపెట్టారు. మాటకారి కదా, ప్రిస్కిల్లా అందరికంటే ముందు పేరిచ్చింది. నేర్పే అమ్మాయి లక్ష్మీప్రసన్న. ముందు రోగి చెప్పేది వినాలి, అడిగితేనే మన సంగతి చెప్పాలి, చెప్తే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి అనేది ఆ అమ్మాయి. వినడానికి ఇంత శిక్షణెందుకని ప్రిస్కిల్లా లోపల నవ్వుకుంది. సాధనలో రోగి వేషం కట్టిన రిటైర్డు గుమాస్తాకి తన సాక్ష్యం మొత్తం వినిపించింది. ఆయన నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు.

"ఏడిపించారు టీచర్ గారూ, బానే ఉంది. ఆయన చేత ఒక్క మాటైనా మాట్లాడించారాండి?" అంది లక్ష్మీప్రసన్న.

కూతురి ఈడు పిల్ల అలా అనేసరికి ఆవిడకి చురుక్కుమంది. కానీ ఎంతైనా టీచరు కాబట్టి పాఠం పట్టుకుంది.

మెడలో ఆసుపత్రి కార్డు వేసి మొదటిసారి ఆవిడని పంపింది రూబీ అనే మనిషి దగ్గరికి. రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు మోసే అతని భార్య. వైద్యం మధ్యలో మానేసింది. ఇప్పుడు జబ్బు ఎముకల్లోకి పాకాక నొప్పికి తాళలేక వచ్చి చేరింది. మందు మళ్లీ మొదలుపెడితే ఇంకొన్నాళ్లు బతుకుతుందని డాక్టర్లు అంటుంటే వద్దంటోంది. ఆ భయమేంటో కనుక్కోమన్నారు.

ప్రిస్కిల్లా స్టూలు లాక్కుని కూర్చుంది. నేర్పినట్టే, మందు ఎందుకు వద్దనుకుంటున్నావమ్మా అని అడిగి ఊరుకుంది. రూబీ ఆవిడ మొహంలోకి చూసింది. చిక్కిపోయిన ఆ మొహం వెలిగిపోయింది.

"మీరు ప్రిస్కిల్లా టీచర్ గారు కదండి! మా కూడికల్లో మీ సాక్ష్యం ఫోన్లో రికార్డు చేసుకున్నానండి. రోజూ వింటాను. అది విన్నాకే మందులు మానేశాను. మందేసుకుంటే నా నమ్మకం చాల్లేదనుకుంటాడేమోనండి దేవుడు."

రూబీయే మళ్లీ అడిగింది, తనకి చేతకానంత విశ్వాసం మీకెలా వచ్చిందో చెప్పండి అని.

అడిగింది కాబట్టి ప్రిస్కిల్లా చెప్పింది. కీమోకి జుట్టూడిపోయిన సంగతి, గోళ్లు నల్లబడిన సంగతి, నోరంతా పూసి గంజి కూడా మింగలేకపోయిన సంగతి, కరెంటు పెడితే చర్మం కమిలిపోయిన సంగతి. ఏడుస్తూ చెప్పింది. మైకు ముందు ఏడ్చే ఏడుపు కాదది. నేను ప్రార్థనా చేశాను, మందూ వేయించుకున్నాను, నువ్వూ వేయించుకోమ్మా అని చేతులు పట్టుకుంది.

రూబీ అంతా విని, ఆవిడ మెడలో కార్డు వంక చూసింది.

"ఇక్కడ ట్రైనింగిచ్చి ఇలా చెప్పమన్నారాండి?"

కాదమ్మా, ఇదే నిజం, నా పాత ఫైలు ఇక్కడే ఉంది, తెప్పిస్తానంది ప్రిస్కిల్లా. కాగితాలు కూడా ఆసుపత్రివాళ్లవే కదండి, అంది రూబీ. ఆ గొంతులో కోపం లేదు. తప్పు చేస్తూ దొరికిన పెద్ద మనిషిని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేనట్టుంది.

"సంఘంలో, దేవుడి ఎదుట నిలబడి మీరు అబద్ధం చెప్పరు కదండి. నాకు తెలుసు. ఇక్కడ మీ ఉద్యోగం మీది, నేనేమీ అనుకోను."

ఉద్యోగం కాదని, జీతమేమీ లేదని కూడా చెప్పబోయి మానేసింది ప్రిస్కిల్లా. అబద్ధానికి అన్ని ఊళ్లు తిప్పి బలం పోసింది తనే. ఇప్పుడు నిజానికి సాక్షి కావాలంటే ఎక్కడ దొరుకుతాడు? రూబీ అటు తిరిగి పడుకుంది.

లేచి గుమ్మం దాకా వచ్చిందో లేదో, వెనకాల రూబీ ఫోన్లో ఆ రికార్డు మోగింది. కూడికల నాటి గొంతు, తనదే, ఖంగుమంటూ.

"డాక్టర్లు చేతులెత్తేశారు. నా ప్రభువు చెయ్యి చాపాడు!"

వార్డులో నలుగురైదుగురు తలలెత్తి విన్నారు. ఎవరో "స్తోత్రం" అన్నారు.