కోడలి కునుకు

"పడుకున్నావా?"

ఇంతకన్నా దొంగ ప్రశ్న ప్రపంచంలో ఇంకోటి లేదు. అవునంటే పడుకోలేదని తేలిపోతుంది. లేదంటే లేచి రమ్మంటారు. దీనికి సరైన జవాబు ఒక్కటే, పలక్కుండా ఉండటం. అది మాత్రం ఆమెకు పెళ్లయిన ఇన్నేళ్లలోనూ చేతకాలేదు. వారమంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి, ఆదివారం మధ్యాహ్నం అంట్లు తోమి, వంటగట్టు తుడిచి, ఇలా నడుం వాలుస్తుందో లేదో ఆ ప్రశ్న గుమ్మంలో ప్రత్యక్షమవుతుంది. భర్త అయితే, "లేవకులే, నా కళ్లజోడు ఎక్కడుందో చెప్పు చాలు" అంటాడు. అత్తగారయితే, "పడుకోమ్మా పడుకో, వాన వచ్చేట్టుంది, బట్టలు తడిస్తే తడిశాయి" అంటుంది. ఆ కళ్లజోడు చెబితే దొరికే రకం కాదు, లేచి వెళ్లి ఆయన నెత్తిమీద నుంచే తీసి చేతికివ్వాలి. తడిసిన బట్టలు మళ్లీ ఎవరు ఉతుకుతారో ఎవరూ అనరు. అందుకని లేస్తుంది. ఆమెకు నగలు వద్దు, షికార్లు వద్దు. ఒక్కటంటే ఒక్క ఆదివారం మధ్యాహ్నం నోరు తెరుచుకుని, ఒళ్లు తెలియకుండా నిద్రపోవాలి. కోరిక చిన్నదే. చిన్నది కాబట్టే ఎవరి కంటికీ ఆనలేదు.

భర్త నగర పాలక సంస్థలో ఇంధన పొదుపు విభాగం అధికారి. ఈ ఏడాది ఊరి కరెంటు వాడకం తగ్గించి తీరాలని పైనుంచి హుకుం వచ్చిన దగ్గర్నుంచీ ఆయన స్టాండ్‌బై మీద పడ్డాడు. తింటున్నంతసేపూ అదే పాఠం. టీవీ ఆపేశామనుకుంటామట, కానీ ఆ ఎర్రదీపం వెలుగుతూనే ఉంటుందట. రిమోట్ నొక్కడం ఆలస్యం, లేచి కూర్చుంటుందట. అది నిద్ర కాదట, నటనట. ఊరికే కూర్చుని కరెంటు తాగడం తప్ప దానికి వేరే పని లేదట. ఆ 'ఊరికే కూర్చుని' అన్న మాట ఆమెకు కొత్త కాదు. "నీదేముంది, కూర్చునే ఉద్యోగం" అని ఆమె ప్రెస్సు పని గురించి ఆయన అనేదే.

స్టాండ్‌బైకి మందు ప్లగ్గు పీకడం. ఉపన్యాసం ఆయనది, వంగడం ఆమెది. రాత్రి సోఫా కిందికి పాకి టీవీ ప్లగ్గు పీకుతుంది. పొద్దున్నే, "టీవీ రావట్లేదేంటి?" అని కేక వినిపిస్తుంది, మళ్లీ పాకి పెడుతుంది. నగరానికి ఎంత ఆదా అయిందో గానీ ఆమె నడుం మాత్రం పట్టేసింది.

ఇంతలో పోస్టర్లు వేయాలనీ, స్టాండ్‌బైకి చక్కటి తెలుగు మాట కావాలనీ కమిషనర్ అన్నారు. వెంటనే ఒక కమిటీ పుట్టింది. ఆ కమిటీ టీలు తాగి తాగి 'సంసిద్ధ నిశ్చలావస్థ' అనీ, 'జాగృత సుషుప్తి' అనీ రెండు మాటలు కనిపెట్టింది. కమిషనర్ వాటిని పలకబోయి రెండుసార్లు నాలుక కరుచుకుని, మనుషులు మాట్లాడే మాట తెమ్మన్నారు. ఆ బరువు భర్త నెత్తిన పడింది. అంటే ఆదివారం మధ్యాహ్నం ఆమె మంచం దగ్గరికి వచ్చింది.

"పడుకున్నావా? లేవకులే, ఒక్క మాట చెప్పు చాలు. చూడ్డానికి పడుకున్నట్టే ఉంటుంది. పిలిస్తే చటుక్కున లేస్తుంది. దాన్ని ఏమంటాం?"

ఆమె కళ్లు తెరవలేదు. "కోడలి కునుకు" అంది.

పక్కగదిలో అత్తగారి మంచం కిర్రుమంది. ఆయన మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"కోడి కునుకు! భలే. నాకు నాలుక చివర్నే ఉంది, నువ్వనేశావు."

ఆయనకు చెవుడేమీ లేదు. భార్య చెప్పేది సగం విని, మిగతా సగం తనే పూరించుకోవడం అలవాటు. కాదు, నేనన్నది కోడలి అని దిద్దుదామనుకుంది. దిద్దాలంటే వెంటపడి వెళ్లాలి, వెంటపడాలంటే లేవాలి. ఊరుకుంది. అయినా నిద్ర పట్టలేదు.

కోడి కునుకు కమిటీలో నెగ్గింది. కమిషనర్ భుజం తట్టారట. "ఎలా తట్టిందయ్యా అన్నారు. ఏదో అలా తట్టిందండీ అన్నాను" అని రాత్రి భోజనాల దగ్గర చెప్పాడు. వడ్డిస్తున్న ఆమెకు ఒళ్లు మండింది. కొడుకు తెలివికి అత్తగారు మురిసిపోతుందనుకుంది గానీ, ఆవిడ తలెత్తకుండా తిని, కంచం తనే తీసుకెళ్లి కడుక్కుంది. అది ఆ ఇంట్లో ఎన్నడూ జరగని పని.

తిరిగి తిరిగి ఆ పోస్టరు అచ్చుకు ఆమె ప్రెస్సుకే వచ్చింది. పైన బలిసిన కోడి, ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి. కింద పెద్ద అక్షరాల్లో: "కోడి కునుకు! పడుకున్నట్టే ఉంటుంది. పిలిస్తే లేస్తుంది. రాత్రీ పగలూ ఖర్చవుతూనే ఉంటుంది. ఇక చాలు, పూర్తిగా ఆపేయండి."

ఆమె ఎర్రపెన్ను పట్టుకుని చాలాసేపు చూసింది. మూలప్రతితో పోల్చి దిద్దడమే ప్రూఫ్ రీడర్ పని. దీనికి మూలప్రతి తన నోరే. డి మీద గుడి కొట్టేసి, తలకట్టు పెట్టి, పక్కన లి చేర్చింది. మిగతా వాక్యాలు ఎలా మార్చాలా అని చదువుతూ పోయి ఆగిపోయింది. ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. మగవాడైతే ఉంటాడు, లేస్తాడు, ఖర్చవుతాడు అని పేరా అంతా మళ్లీ కూర్చాలి. కోడలికీ టీవీకీ మన భాషలో ఒకటే క్రియ. ఇన్నేళ్లుగా అక్షరాలు దిద్దుతూ ఆ సంగతి ఇప్పుడా గమనించడం అని నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే ఏడుపు కూడా వచ్చింది, కానీ ఎదురుగా ప్రెస్సు ఓనరు ఉన్నాడు.

"కోడి బొమ్మ ఉంది కదమ్మా?" అన్నాడాయన అనుమానంగా.

"బొమ్మలు నా పని కాదండీ."

చివరి ప్రూఫు మీద ఆఫీసు సంతకం కావాలి. ఎలాగూ ఒకే ఇల్లు కదా, ఆటో ఖర్చు దండగని ఓనరు ఆమె చేతికే ఇచ్చాడు. ఇంటికెళ్లేసరికి భర్త వార్తలు చూస్తున్నాడు. కాగితం ముందు పెట్టి, ఒకసారి చదవమంది.

"నువ్వు చూశావుగా, చాలు" అని సంతకం గీకేశాడు.

శుక్రవారానికి ఊరంతా కోడి బొమ్మలు, ఆ కింద కోడలి కునుకులు. బస్టాపుల్లో ఆడవాళ్లు ఒకర్నొకరు మోచేత్తో పొడుచుకుని నవ్వుకున్నారు. ఆఫీసు ఫోను మోగడం ఆపలేదు. ఇది కొత్త చట్టమా, జరిమానా ఎంత అని ఒక పెద్దాయన అడిగాడట. ఒకావిడ మాత్రం, "మా ఇంటి కోడల్ని నేనే, నా ప్లగ్గు ఎక్కడుందో కాస్త చెప్తారా?" అని ఎంతో మర్యాదగా అడిగిందట.

ఆదివారం అత్యవసర సమావేశం నుంచి మధ్యాహ్నానికి ఆయన ఇంటికొచ్చాడు, మొహం కందగడ్డలా ఉంది. ప్రెస్సులో ఏ బుద్ధిలేనివాడు అచ్చు తప్పు చేశాడో కనుక్కోమన్నాడు.

"తప్పు కాదండీ, నేనే దిద్దాను. ఆ రోజు నేనన్నది కోడలి కునుకనే. మీరే కోడి అని విన్నారు."

ఆయన పెన్నూ కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. రేపు కమిషనర్‌కి సంజాయిషీ ఇవ్వాలనీ, అచ్చు తప్పు జరిగిందని ఇప్పుడే కూర్చుని రాసిపెట్టమనీ అన్నాడు. రాయడం నీకు ఎంతసేపు అని కూడా అన్నాడు.

"నిద్ర లేచాక మాట్లాడదాం" అని ఆమె గదిలోకి వెళ్లింది. వెనకే అడుగుల చప్పుడయింది. ఇంకేముంది, అత్తగారు కొడుకు తరఫున వచ్చింది అనుకుంది. అత్తగారి చంకలో తలగడ ఉంది. ఆవిడ లోపలికొచ్చి, తలుపు మూసి, గడియ పెట్టింది.

"కాస్త జరుగమ్మాయ్" అంటూ పక్కన చేరింది. కాసేపు ఇద్దరూ పైన తిరిగే ఫ్యాన్ చూశారు.

"మా అత్తగారు పోయి ఎన్నేళ్లయిందో నీకు తెలుసు. ఇప్పటికీ ఎవరైనా కుర్చీ జరిపితే లేచి కూర్చుంటాను. నా ప్లగ్గు పీకకుండానే పోయిందావిడ" అంది అత్తగారు.

తలుపు మీద వేలితో కొట్టిన చప్పుడు. "పడుకున్నావా?" కాసేపాగి, గొంతు తగ్గించి, "అమ్మా, నువ్వూ పడుకున్నావా?"

అలవాటు ఎక్కడికి పోతుంది, అత్తగారి నోరు తెరుచుకోబోయింది. ఆమె ఆవిడ చేయి గట్టిగా పట్టుకుంది. తెరుచుకోబోయిన నోరు మూసుకుంది. బయట చెప్పులు అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేసి గుమ్మం దగ్గరే ఆగాయి. పిలిస్తే చాలు, చటుక్కున వచ్చేట్టే ఉన్నాడు. ఆమె పిలవలేదు. నిద్రపోయింది.