తలుపు పట్టని డ్రమ్ము

1989 జనవరి ముప్పై ఒకటిన పొద్దున నేను మొక్కజొన్న రవ్వతో వండిన మక్క గటక తిన్నాను, చల్ల పోసుకుని, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ. ఎర్రన్న భార్య గంగమణి ఇచ్చిన గిన్నె అది. నా భార్య పోయి అప్పటికి రెండేళ్లు. పెర్కిట్‌లో ఒక్కడినే ఉండేవాణ్ణి. సగం రోజులు పొయ్యి వెలిగించేవాణ్ణి కాదు. ఆ సంగతి నన్ను అడగకుండానే గంగమణి తెలుసుకుంది. ఆ గిన్నె కడిగి తిరిగి ఇవ్వబోయినప్పుడే డ్రమ్ము సంగతి తెలిసింది.

కొత్త మార్కెట్ వచ్చాక ఆర్మూర్ పసుపు వ్యాపారులంతా అటు వెళ్లిపోయారు. పాత గోదాముల గల్లీ పాడుబడింది. దాన్ని మళ్లీ నిలబెట్టాలని పంచాయతీవాళ్లు ఒక పెద్ద గోదామును ఆరు అర్రలుగా విడగొట్టి, కొత్తగా పని మొదలుపెట్టేవాళ్లకు తక్కువ కిరాయికి ఇచ్చారు. వాళ్లకు కరెంటు ఇప్పించడం, బేరాలు చూపించడం నా ఉద్యోగం. నేను పరిశ్రమల శాఖలో చిన్న అధికారిని. నా మాట చెల్లే చోట్లు తక్కువ.

ఎర్రన్నది మోర్తాడ్. ఆరేళ్లు షార్జాలో వెల్డింగు పని చేసి వచ్చాడు. మళ్లీ పోనని గంగమణికి మాట ఇచ్చి ఇక్కడ ఒక అర్ర తీసుకున్నాడు. కానీ గేట్లకు అతుకులు వేయడం తప్ప పెద్ద పనేదీ రాలేదు. ఇంతలో ఏజెంటు ఇంకో వీసా తెచ్చాడు. శనివారం లోపల అవునో కాదో చెప్పాలి. అలాంటి సమయంలో వాళ్ల ఊరి రైతు భోజన్న పసుపు పాలిష్ డ్రమ్ము చేయమన్నాడు. ఉడికించి ఎండబెట్టిన కొమ్ములను జల్లెడ రేకు డ్రమ్ములో పోసి తిప్పితే పైపొట్టు రాలి నిగనిగలాడతాయి. ఇదొక్కటి కుదిరితే చుట్టుపక్కల ఊళ్లన్నీ చేయించుకుంటాయి, వీసా వద్దని చెప్పేయవచ్చని ఎర్రన్న ఆశ.

పక్క అర్రలో శంకరమ్మ లంగాలూ జాకెట్లూ కుట్టేది. గల్లీలో నిప్పురవ్వలు లేస్తే గుడ్డలు అంటుకుంటాయని ఆమె భయం. అందుకే ఎర్రన్న డ్రమ్ము పనంతా లోపలే చేశాడు.

నేను వెళ్లేసరికి గల్లీలో భోజన్న ట్రాక్టరు ఆగి ఉంది. లోపల ఎర్రన్న డ్రమ్ముకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

"సారూ, జర తలుపు దిక్కు చూడుండ్రి," అన్నాడు.

తలుపు చూశాను. డ్రమ్ము చూశాను. ఎటు తిప్పినా డ్రమ్ము జానెడు పెద్దది.

"ముందుగాల కొలవలేదా ఎర్రన్నా?"

"కొలిచిన సారూ. మొదలు అనుకున్నదైతే పడుతుండె. నడుమ భోజన్న పటేలు వచ్చి ఇంకింత పెద్దగ చెయ్యమన్నడు. మొదటి పెద్ద బేరం గదా, కాదనబుద్ధి కాలే." తల దించుకున్నాడు. "ఆరేండ్లు టాంకులు చేసిన. ఆడ తలుపులు యాడియి? నెత్తిమీద మొగులు తప్ప ఏం లేకుండె. గీ తలుపు యాదికే రాలే."

"నామీద తోస్తవేందిర?" భోజన్న గుమ్మంలోంచి అరిచాడు. "పెద్దగ చెయ్యమన్న గని, ఏనుగు పిల్లను అర్రల కట్టేసి మేపినట్టు మేపుమన్ననా?"

"ఏనుగైతే నయముండె పటేలా," శంకరమ్మ మిషను ఆపి అందుకుంది. "నాలుగు దినాలు ఉపాసముంచితే బక్కగై ఎల్తుండె."

గల్లీలో వాళ్లంతా నవ్వారు. గంగమణి నవ్వలేదు.

"కోసి, బయట మళ్ల అతికియ్యరాదా?" అని అడిగింది.

"కోస్తే గుండ్రం తప్పుతది. కొట్టుకుంట తిరుగుతది, కొమ్ములు ఇరుగుతయి."

గోడ కొంచెం తీయించడానికి వీలవుతుందేమోనని నేను పంచాయతీ ఇంజనీరును బతిమాలి తీసుకొచ్చాను. తలుపు మీది బండ కదిలితే ఆరు అర్రల కప్పూ దిగుతుందని ఆయన చూపించాడు. ఆయన చెప్పింది నిజమే. భోజన్న ఖాళీ ట్రాక్టరుతో వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నేను వాళ్లతో కాసేపు కూర్చున్నాను. డ్రమ్ము పోగా మిగిలిన జాగాలో ముగ్గురమూ గోడకు వీపు ఆనించి, మోకాళ్లు ముడుచుకుని కూర్చోవలసి వచ్చింది. ఎర్రన్న చేయి చాచి డ్రమ్మును ఒకసారి తిప్పాడు. అది చప్పుడు లేకుండా తిరిగి తిరిగి దానంతట అదే నిలిచింది. అంత బాగా కుదిరింది.

"శనివారం ఏజెంటుకు ఏం చెప్తవు?" అంది గంగమణి.

అతను మళ్లీ డ్రమ్ము తిప్పాడు. గంగమణి లేచి నా చేతికి మరో గిన్నె ఇచ్చింది. ఆ పూట కూడా నా సంగతి ఆమె మరచిపోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం గల్లీలోకి ట్రాక్టరు వచ్చింది. దాని నిండా బస్తాలు. భోజన్న దిగి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"మూడు దినాల సంది కొమ్ములు గోనెపట్టల వేసి చేతులతోని ఒరుస్తున్నం. కూలోళ్ల చేతులు పుండ్లైనయి. ఎట్లనన్న అమ్మనీకి ఆర్మూర్‌కే తేవాలె గద. నీ ఏనుగు బయటికి రాకుంటే మాయె, మేత నేనే తెచ్చిన. దించుకో."

మొదటి బస్తాకు చేయి వేసింది గంగమణి.

"రేపు ఏజెంటుకు నేనే చెప్త," అంది భర్తతో. "నువ్వు డ్రమ్ము తిప్పు."

అర్ర తలుపులోంచి పసుపు దుమ్ము లేచి పక్కకు వెళ్లింది. శంకరమ్మ పసుపు మరకలు పడ్డ తెల్ల లంగా ఒకటి పట్టుకుని వచ్చింది.

"గిది చూడుండ్రి సారూ! అన్ని పెండ్లి బట్టలే అని అమ్ముకోవాల్నా?"

తిప్పినంతసేపూ తలుపు మూసి ఉంచాలని ఒప్పందమైంది. భోజన్న కొమ్ములు మెరుస్తూ మార్కెట్‌కు వెళ్లాక, అమ్మడానికి వచ్చే మిగతా రైతులు కూడా దారిలో పాలిష్ చేయించుకోవడానికి ఈ గల్లీకి మళ్లసాగారు. ఇక షార్జా మాట లేదు. కానీ డ్రమ్ముల పని కూడా లేదు. ఉన్న జాగా అంతా ఆ ఒక్క డ్రమ్మే తినేసింది. వెల్డింగు సామాను మూలన బస్తాల కింద పడింది. ఇంకో అర్ర కోసం నేను రెండుసార్లు అడిగాను. ఖాళీ లేదన్నారు. ఊరూరికీ డ్రమ్ములు చేసి పంపాలనుకున్న మనిషి పొద్దున లోపలికి వెళ్లి, ముక్కుకు తువ్వాల కట్టుకుని, మూసిన తలుపు వెనక సాయంత్రం దాకా తిప్పుతూ ఉండేవాడు. కిటికీ కూడా లేని అర్ర అది.

ఆ ఎండాకాలం ఒక సాయంత్రం నేను అటు వెళ్లాను. ఎర్రన్న తువ్వాల విప్పి బయట నిలబడ్డాడు. ముక్కూ నోరూ తప్ప ఒళ్లంతా పసుపే. కావాలనుకున్న పని ఇది కాదు గదా, ఊపిరి ఆడుతోందా అని అడిగాను.

"ఆడుతలేదు సారూ, అబద్ధమెందుకు," అని కాసేపు గాలి పీల్చుకున్నాడు. "ఆడ షార్జాల తలుపు లేకుండె గని, ఇంటికి తోవ లేకుండె. ఇప్పుడు గీ డ్రమ్ముకే తోవ లేదు. నేనైతే పొద్దూకితే ఇంటికి పోతున్న."

గంగమణి అప్పటికే సైకిలు పక్కన నిలబడి ఉంది. సాయంత్రం ఇంటి తాళం నేనే తీయాలి కాబట్టి నాకు తొందర లేదు. వాళ్లు బయలుదేరేదాకా ఆగుదామనుకున్నాను.

పక్క అర్రలో శంకరమ్మ మనవరాలు చీర ఉయ్యాలలో నిద్రపోతోంది. డ్రమ్మున్న అర్ర పాత టేకు తలుపు లాగితే గల్లీ అంతా వినబడేలా కిర్రుమంటుంది. ఎర్రన్న వంగి, భుజంతో ఆ రెక్కను కొంచెం పైకెత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా మెల్లగా మూశాడు.