దిబ్బ మీది ఆవిరి

గిద్దలూరు దోవలో ఉన్న ఆ ఊళ్లో ఎవరి పెరట్లో చిక్కుడు పాదు తీసినా మొదటి గింజ శ్రీశైలమ్మే పెట్టాలి. ఆమె హస్తవాసి అట్లాంటిది. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని పెంటదిబ్బ మీంచి లేచే ఆవిరి చూడటం కూడా ఆ ఊరికి అలవాటే. గేదెలు ఏ చేలో మేశాయో, ఎవరి చొప్ప తిన్నాయో అందులో కనబడుతుంది. తప్పిపోయిన దూడల్ని కూడా అట్లాగే వెతుక్కుంటారు.

ఈ ఏడు మాత్రం ఆమె పెట్టిన గింజలు మొలిచి, నాలుగాకులు వేయకముందే కాడలు మెలితిరిగి నిలిచిపోయాయి. ఆమె పెరట్లోనూ అంతే, ఆమె దగ్గర ఎరువు అడిగి తీసుకుపోయిన ఇళ్లల్లోనూ అంతే. ఎరువును ఎవరూ అనుమానించలేదు. గేదెలు నిగనిగలాడుతూ చెంబుల కొద్దీ పాలిస్తుంటే వాటి ఎరువుకేం రోగం? తప్పు చేతిదే అన్నారు. పక్కింటికి కొత్తగా కాపురానికొచ్చిన దీనమ్మ, పాదు తీసి పిలవడానికొచ్చి, గుమ్మంలో మాట మార్చి వెళ్లిపోయింది. ఆనాటి నుంచి శ్రీశైలమ్మ చెయ్యి కొంగు కిందే దాచుకుంది. అన్నం కలుపుకుంటూ ఆ చేతిని చూసినా ఏడుపొచ్చేది.

"బలం చాల్లేదేమోలే, ఇంకో గంప ఎరువేద్దాం," అంటూ ఆమె మొగుడు వెంకటసుబ్బయ్య ముసురు పట్టిన ఒక పొద్దున దిబ్బను అడుగుదాకా తవ్వాడు.

తెల్లగా ఆవిరి లేచింది. అందులో పోయినేటి వాళ్ల జొన్నచేను. కలుపన్నది మచ్చుకైనా లేదు. సాళ్ల మధ్య వీపున ట్యాంకు కట్టుకుని మందు కొడుతున్న మనిషి ఇటు తిరిగాడు. వెంకటసుబ్బయ్యే. చూస్తుండగానే ఆ మందు జొన్నాకు మీంచి చొప్పలోకి, చొప్పలోంచి గేదె కడుపులోకి, అక్కణ్ణుంచి దిబ్బలోకి మెరుస్తూ నడిచొచ్చింది. ఎక్కడా అలిసిపోలేదు.

"ఏందయ్యా అది?" గంప పట్టుకుని పక్కనే నిలబడ్డ శ్రీశైలమ్మ అడిగింది.

"కలుపు మందు. జొన్నకేం కాలేదు, గేదెలకేం కాలేదు. ఇంత దూరం వస్తాదని నాకేం తెలుసు?" వెంకటసుబ్బయ్య పార కింద పడేశాడు. "అందరూ నీ చేతిని అంటాంటే వినుకుంట కూర్చున్నా గదే."

ఆ పూటంతా ఇల్లిల్లూ తిరిగి, "చేతిది కాదమ్మా తప్పు, నా మందుది," అని చెప్పాడు. పాదుల్లోని ఎరువంతా తనే తోడి, మోసుకెళ్లి జొన్నచేలో పోశాడు.

మర్నాడు దీనమ్మ దోసిట్లో గింజలతో వచ్చింది. "అత్తా, మా పాదులో నువ్వే పెట్టాల."

శ్రీశైలమ్మ కొంగు కింద నుంచి చెయ్యి తీసింది. గింజలు అందుకోబోయి ఆగింది.

"ఉండు పిల్లా. ముందు మీ దిబ్బ తవ్వు. ఆవిరి చూసి పెడతా."