బొమ్మకు గొంతొచ్చిన రోజు

ఆ ఉదయం ఆసుపత్రి మెట్లెక్కేటప్పటికి బొమ్మ మామూలుగానే ఉంది. కాలిన రోగుల వార్డు చివర తలుపుకి కొత్త తాళం వేలాడుతూ కనిపించాకే ఆవిడకి ఒళ్ళు మండింది. ఒళ్ళు మండడం అన్న మాట ఆ వార్డులో ఎవరూ ఊరికే వాడరు. అయినా ఆవిడకి నిజంగానే అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఈ తాళమేంటి సిస్టర్?" అని పెద్ద నర్సును అడిగింది.

"నీళ్ళ గది మూసేశారమ్మా. పైవాళ్ళ ఆర్డరు. దాతలొస్తే కూర్చోడానికి ఏసీ గది చేస్తారట. సోఫాలు కూడా లోపల పడేశారు."

"మరి కట్లు ఎక్కడ విప్పుతున్నారు?"

పెద్ద నర్సు మొహం తిప్పుకుంది. జవాబు కిటికీ పక్క మంచం మీంచి వచ్చింది. అది మాట కాదు, కేక.

కాలిన ఒంటికి కట్టిన కట్టు పుండుకి అతుక్కుపోతుంది. గోరువెచ్చటి నీళ్ళతొట్టిలో కాసేపు నానబెడితే మెత్తబడి దానంతటదే ఊడొస్తుంది. పొడిగా లాగితే కట్టుతోబాటు అప్పుడప్పుడే పట్టిన కొత్త చర్మం కూడా వచ్చేస్తుంది. ఇది తెలియడానికి డాక్టరీ చదవక్కర్లేదు, ఆ కేక ఒకసారి వింటే చాలు. బొమ్మ ఈ దారికి వచ్చింది అలాంటి కేక వినే.

బొమ్మ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. మొదటి నిర్మాత పిలిచిన పిలుపు, సినిమావాళ్ళు ఖాయం చేసేశారు. బొమ్మ ఆడితే ఘనత హీరోది, ఆడకపోతే తప్పు బొమ్మది. ఆ నిర్మాతే మొదటిరోజు ఆవిడ డైలాగు విని రెండు చెవులూ మూసుకున్నాడు. "మొహం చందమామ, గొంతు కాకి. చందమామని ఉంచండి, కాకిని తోలేయండి" అన్నాడు. తోలేశారు. ఆనాటినుంచి సెట్లో బొమ్మ పెదాలు కదపడం, డబ్బింగ్ థియేటర్లో చిలకక్క అనే ఆవిడ తన గొంతుతో ఆ పెదాల మీద తేనె పొయ్యడం. గళం ఒకరిది, గరళం ఒకరిది. గొంతు కోయడమంటే కత్తే కావాలా ఏం?

బొమ్మ కథానాయిక అయింది, వదిన అయింది, అమ్మ అయింది, ఆఖరికి ఒక సినిమాలో గోడమీద ఫొటో కూడా అయింది. ఫొటోకి డబ్బింగ్ అక్కర్లేదు కనక ఆ ఒక్క వేషం మాత్రం పూర్తిగా ఆవిడ సొంతం.

మధ్యలో ఒక నిప్పు సీను. మంటల్లోంచి బొమ్మ బదులు దూకాల్సిన డూప్ అమ్మాయి బట్టలంటుకున్నాయి. నిర్మాత పరుగెత్తుకొచ్చి, "బొమ్మకేం కాలేదుగా?" అన్నాడు. మనిషిని అడిగాడో, సినిమాని అడిగాడో ఆయనకే తెలియాలి. డూప్ అమ్మాయిని మాత్రం అడగలేదు.

బొమ్మను పళ్ళబుట్టతో, ఫొటోగ్రాఫరుతో ఇదే వార్డుకి పంపారు. ఫొటో తీసినవాడు వెళ్ళిపోయాడు. కట్టు పొడిగా విప్పుతున్నప్పుడు ఆ పిల్ల వేసిన కేక విని బొమ్మ కాళ్ళు కదలక అక్కడే ఉండిపోయింది. తెరమీద తను ఎన్నిసార్లు కాలలేదు గనక. కాలిన ప్రతిసారీ చిలకక్క ఎంత అందంగా కేక వేసిందని. ఈ కేకలో అందం లేదు. మర్నాడు ఆ పిల్లని నీళ్ళ గదికి తీసుకెళ్ళారు. తొట్టిలో కూర్చున్న కాసేపటికి పిల్ల, "అక్కా, ఆ పళ్ళేవీ?" అంది. బొమ్మకి అదే మలుపు. డూప్ అమ్మాయి కోలుకుని ఇప్పుడు కుట్టుమిషను పెట్టుకుంది. నిప్పంటుకోని మోడళ్ళే కుడతానని జోకులేస్తుంది. బొమ్మ సినిమాలు మానేసి ఈ వార్డుకోసం గడప గడపా తొక్కింది. ఆ కాకి గొంతు విని జనం "జలుబా మేడమ్?" అనేవారు. "పుట్టుజలుబు" అనేది.

అలా తొక్కిన గడపల మీద లేచిందే ట్రస్టు. ట్రస్టుకో అధ్యక్షుడొచ్చాడు. వచ్చాక సభల్లో మైకు బొమ్మ చేతిదాకా రావడం మానేసింది. "మేడమ్, మీరు నవ్వండి చాలు. మాటలు మేం చూసుకుంటాం" అనేవాడు. ట్రస్టు మీద ట్రస్టు పెట్టుకుని ఆవిడ నవ్వింది.

తాళం కనిపించిన ఆ రోజే వార్డులో ప్రచార చిత్రం షూటింగు. బొమ్మ తిన్నగా అధ్యక్షుడి దగ్గరికెళ్ళింది.

"నీళ్ళ గది ఎందుకు మూశారు?"

"మూయలేదు మేడమ్, మెరుగుపరుస్తున్నాం. దాత కూర్చోడానికి చోటుంటేనే కదా రోగి పడుకోడానికి మంచముండేది?"

"దాత నుంచుంటే ఏం, కాళ్ళు కాలాయా?"

ఆయన నవ్వేసి కెమెరా ముందుకెళ్ళాడు. "మా ట్రస్టు రోగుల కన్నీళ్ళు తుడుస్తుంది" అని చెప్పేసి కాఫీకెళ్ళాడు. తర్వాత బొమ్మ వంతు. రాసిచ్చిన కాగితాన్ని ఆవిడ నలిపి కుర్చీలో పారేసింది. తాళం వేసిన తలుపు పక్కన నుంచుని, కెమెరా కళ్ళలోకి చూస్తూ, ఉన్నదున్నట్టు కడిగేసింది. ఆ కడుగుడు చూస్తే నీళ్ళకి కరువన్నట్టే లేదు.

ప్రచార చిత్రం దర్శకుడు చప్పట్లు కొట్టాడు. "అదిరింది మేడమ్. ఆ ఫీలింగ్ చాలు."

"మాటలు వినిపించాయా?"

"మాటల సంగతి తర్వాత చూసుకుందాం."

సినిమాల్లో అంతకాలం బతికిన మనిషికి ఆ మాట అక్కడే అర్థం కావాలి. కోపంలో ఉండి కాలేదు. కొన్నాళ్ళకి చిలకక్క ఫోను చేసినప్పుడు అయింది. వాళ్ళిద్దరూ మాట్లాడుకుని ఏళ్ళయింది.

"బొమ్మా, నేనే. నీ గొంతుని."

"చెప్పక్కా."

"నీ ట్రస్టువాళ్ళు నన్ను డబ్బింగుకి పిలిచారు. నీకు నా గొంతే కావాలట, జనం గుర్తుపడతారట. కాగితంలో 'దాతలకు విశ్రాంతి మందిరం నిర్మిస్తున్న అధ్యక్షులవారికి నా కృతజ్ఞతలు' అని ఉంది. తెరమీద నీ పెదాలు చూశాను. అవి కృతజ్ఞతలు చెప్పట్లేదే. 'సిగ్గు లేదా' అంటున్నాయి."

బొమ్మ ఫోనుని చెవికి అదుముకుంది.

"నా పెదాలు చదవగలవా నువ్వు?"

"నీ మొగుడికన్నా ఎక్కువ చూశానే ఆ పెదాల్ని."

మర్నాడు డబ్బింగ్ థియేటర్లో కలిశారు. రికార్డింగ్ చూసే ఆయన ఇద్దరికీ పాతవాడే. చెవుల బాబాయ్ అంటారు. అద్దం అవతల కూర్చుని టీ తాగుతున్నాడు.

"అక్కా, నా పెదాలు ఏమంటున్నాయో అదే నువ్వను. నీ తేనెగొంతుతో అంటే దేశమంతా వింటుంది" అంది బొమ్మ.

"అనను."

"భయమా?"

"భయం కాదు, విసుగు. జీవితమంతా నీ ఏడుపు నేనే ఏడ్చాను. నీకు అవార్డొస్తే నా పేరైనా ఎత్తావా?"

"నోరే ఎత్తనివ్వలేదక్కా. గొంతు బయటపడుతుందని, చేతులూపి దిగిపొమ్మన్నారు. స్టేజీ మీద దోమలు తోలుతున్నదాన్లా నుంచున్నాను."

చిలకక్క నవ్వాపుకుంది. కొంచెంసేపు ఇద్దరూ తెరమీద నిలిచిపోయిన బొమ్మ మొహాన్ని చూశారు. నోరు సగం తెరిచి ఉంది.

"ఇది నీ కోపమే బొమ్మా. దీనికి తేనె పూస్తే చీమలు తప్ప ఎవరూ రారు. నువ్వే చెప్పుకో."

"ఆ కాకి గొంతుతోనా?"

"కాకి అరిస్తేనే ఎవరో వచ్చారని గడప దాటి చూస్తారు. చిలక పలికితే ముద్దుగా ఉందని పంజరానికి తాళం వేస్తారు. నన్ను చూడు. వెళ్ళు, మైకు ముందుకెళ్ళు."

వెళ్ళింది. తెరమీద పెదాలు కదిలాయి. ఆవిడ మాట వెనకబడింది. మళ్ళీ వేశారు, మాట ముందే దూకేసింది. ఊళ్ళో ఎవరి నోరైనా చిలకక్కకి అందుతుంది గానీ బొమ్మ నోరు బొమ్మకే అందడం లేదు.

"నా నోరే నాకు పట్టుబడట్లేదక్కా."

"ఇన్నాళ్ళూ నా దగ్గర మేసిందిగా, నిన్ను కొత్తమనిషనుకుంటోంది" అంటూ చిలకక్క వెనక నుంచుని ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. "పెదవి విడవకముందే ఊపిరి తీసుకో. నేను తట్టగానే అందుకో. కాగితం చూడకు, ఆ తాళం చూడు."

భుజం మీద తట్టింది. బొమ్మ అందుకుంది. అద్దం అవతల చెవుల బాబాయ్ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

అయ్యాక మైకులో ఆయన గొంతు వినిపించింది. "నాకు ఏ కాగితం సంగతీ తెలీదమ్మా. మైకులో పడింది రికార్డు చేస్తాను. కానీ అధ్యక్షుడుగారు ముందే చూస్తానంటే?"

"ఆయన కనిపించే ముక్క పంపించు బాబాయ్. మిగతాది చూడడు" అంది బొమ్మ.

ఆవిడ లెక్క తప్పలేదు. తన మొహం వచ్చిన దగ్గర్నుంచి అది పోయేదాకా తప్ప ఏదీ చూసే అలవాటు ఆయనకి లేదు. తన ముక్క మాత్రం తిప్పి తిప్పి చూసుకుని, "అద్భుతం" అని కబురంపాడు.

సభ ఒక పెద్ద హోటల్ హాల్లో, మధ్యాహ్నం. దాతలంతా భోజనాలు ముగించి, కునుకు తీయడానికి సేవాభావంతో కూర్చున్నారు. దీపాలార్పారు. తెరమీద అధ్యక్షుడు కన్నీళ్ళు తుడుస్తానన్నాడు. తర్వాత బొమ్మ మొహం. అందరూ తేనె కోసం చెవులు ముందుకి వంచారు.

"కన్నీళ్ళు తుడవక్కర్లేదు. నీళ్ళివ్వండి చాలు."

బొంగురుగా, గరగరలాడుతూ వచ్చింది ఆ గొంతు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. "స్పీకరు పాడైనట్టుంది" అన్నారు ఇంకెవరో.

"ఈ తలుపు వెనక ఒక తొట్టి ఉంది. అందులో నానితే కట్టు ఊడొస్తుంది. నానకపోతే చర్మం ఊడొస్తుంది. మీరు కూర్చోడానికి సోఫా వేయాలని దీనికి తాళం వేశారు. మీరడిగారా? అడగలేదు. అయినా మీ పేరు చెప్పే వేశారు. కాలినవాళ్ళ చోటు లాక్కుని కాలుమీద కాలేసుకోడానికి మీకు సిగ్గు లేదా? మీకు లేకపోతే నాకుంది. మిమ్మల్ని ఇక్కడికి తెచ్చింది నా నవ్వే."

ఆ తర్వాత తెరమీద మాటల్లేవు. తలుపు వెనక నుంచి కాదు, మంచం మీంచి ఒక కేక. చిలకక్క వేసింది కాదు. షూటింగు రోజు వార్డులో దానంతటదే పడ్డది.

దీపాలు వెలిగాయి. ఎవరూ కునుకులో లేరు. అధ్యక్షుడు ఒక్క గెంతులో వేదిక ఎక్కాడు. మనిషి అసాధ్యుడు. మొహం తెల్లబోయినా నవ్వు మాత్రం ఊడలేదు, దానికి కట్టు బాగా అతుక్కుంది.

"మిత్రులారా, మీ గుండె తట్టాలనే మేమిలా ప్లాన్ చేశాం. ఆ గది త్వరలోనే తెరుస్తున్నామని సగర్వంగా తెలియజేస్తున్నాను."

చప్పట్లు మోగాయి. బొమ్మకి తాళం చూసినప్పటికన్నా ఎక్కువ మండింది. తన గొంతు మళ్ళీ లాక్కుంటున్నారు, ఈసారి చిలకక్క కూడా అక్కర్లేకుండా. ఆవిడ లేచి మొదటి వరసలోంచి వేదిక మీదికెళ్ళింది. ఆయన అలవాటుగా మైకు పక్కకి తిప్పాడు. అలవాటు తప్పి ఆవిడ లాక్కుంది.

"తాళంచెవి ఇవ్వండి."

"రేపు ఆఫీసులో..."

"రేపటి కట్టు రేపు. ఇవాళ కట్టు సంగతేంటి? తాళంచెవి మీ జేబులోనే ఉంది. పొద్దున సోఫాలు చూపించడానికి మీరే తీశారని పెద్ద నర్సు చెప్పింది."

హాలంతా ఆయన జేబు వంక చూసింది. అంతమంది దాతల ముందు ఆయన అంత చిన్న వస్తువు ఇవ్వడానికి అంత బాధపడడం ఎవరూ ఎరగరు. ఇచ్చాడు. ఇస్తూ ఫొటోకోసం నవ్వాడు. బొమ్మ నవ్వలేదు. ఫొటోలో ఆవిడ వీపు పడింది.

హోటల్ నుంచి తిన్నగా వార్డుకెళ్ళింది, చిలకక్కతో సహా. ఇద్దరూ, పెద్ద నర్సూ కలిసి సోఫాలని వరండాలోకి ఈడ్చారు. రోగుల బంధువులు అనుమానంగా చూసి, తర్వాత కూర్చున్నారు. కుళాయి తిప్పితే మొదట తుప్పు నీళ్ళొచ్చాయి, తర్వాత మంచివి, తర్వాత వెచ్చనివి. కిటికీ పక్క మంచం ఆవిడని మెల్లగా తొట్టిలోకి దించారు. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని కేకకి సిద్ధంగా నోరు తెరిచింది. కట్టు నీళ్ళలో తేలింది. తెరిచిన నోరు అలాగే కొంచెంసేపు ఉండి మూసుకుంది.

చిలకక్క గడపలో నుంచుని అడిగింది. "ఇప్పుడైనా కోపం తగ్గిందా బొమ్మా?"

బొమ్మ తాళాన్ని గడియలోంచి ఊడదీసి, తాళంచెవితో సహా తన సంచిలో వేసుకుంది.

"తగ్గితే కొత్త తాళం కొంటారక్కా."