అందరి చొక్కా

ఆ వీధిలో ఆమెను అందరూ టేపక్క అంటారు. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. స్నానానికి వెళ్లేటప్పుడైనా తీస్తుందా అని చాటుగా నవ్వుకునేవాళ్లున్నారు. పాతికేళ్లుగా బట్టలు కుట్టుకుని బతుకుతున్న మనిషి, ఉన్నట్టుండి కళాకారిణి అయి కూర్చుంది.

అదెలా జరిగిందంటే, మూతపడ్డ బస్సు డిపోలో పది రోజులు కళల ఉత్సవం పెడుతున్నామని ఒక కమిటీ ప్రకటించింది. చూసి వెళ్లిపోయే కళ వద్దు, వచ్చిన జనం కూడా చెయ్యి వేస్తేనే పూర్తయ్యే పని ఏదైనా ఉంటే చెప్పండి, గ్రాంటు ఇస్తాం అన్నారు. టేపక్క దరఖాస్తు పెట్టింది. పాత బట్టలన్నీ కలిపి రెండంతస్తుల ఎత్తు చొక్కా కుడతాను, డిపో దూలాలకు వేలాడదీస్తాను, వచ్చినవాళ్లు ఇంటి నుంచి ఒక గుండీ తెచ్చి దానికి కుట్టాలి, దాని పేరు 'అందరి చొక్కా' అని రాసింది. కమిటీవాళ్లు ఎగిరి గంతేసినంత పనిచేశారు.

దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది, ఈ పని ఎవరి కోసం అని. ఊరందరి కోసం అని రాసింది టేపక్క. పచ్చి అబద్ధం. ఆ చొక్కా ఒకే ఒక్క మనిషి కోసం, వాళ్ల అక్క కోసం.

అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే కొట్లో ఎదురెదురు మిషన్ల మీద ఇరవై రెండేళ్లు పనిచేశారు. అక్కది ఎడమచేతి వాటం. కుట్టు గట్టిగా ఉంటుంది, బట్ట చిరిగినా అది ఊడదు, కానీ దారం ఎదురు వాలుగా పడుతుంది. చెల్లెలి కంటికి అది నలుసులా గుచ్చుకునేది. మూడేళ్ల కిందట బడి యూనిఫాంల ఆర్డరు అప్పగించాల్సిన రోజున, ఆర్డరు తీసుకెళ్లే మనిషి ఎదురుగా నిలబడి ఉండగా, అక్క కుట్టిన నలభై చొక్కాల గుండీలనూ చెల్లెలు ఒక్కొక్కటే కత్తిరించి మళ్లీ కుట్టింది. అక్క అరవలేదు, ఏడవలేదు. తన కత్తెర సంచిలో వేసుకుని వెళ్లిపోయి, ఊరి అవతలి చివర వేరే కొట్టు పెట్టుకుంది. ఫోన్ ఎత్తదు. ఇంటికి వెళితే తలుపు తీయదు. ఎదురుపడితే రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోతుంది.

అలాంటి మనిషిని రమ్మని పిలిచేదెలా? ఊరందరినీ పిలిస్తే అందులో అక్క కూడా ఉంటుంది కదా అనుకుంది టేపక్క. వంకరగానో టింకరగానో ఎవరికి వచ్చినట్టు వాళ్లు కుట్టండి అని గేటు దగ్గర పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించింది. అక్క అది చదివితే చాలు, విషయం అర్థమైపోతుంది.

ఉత్సవం మొదలైన రోజు నుంచీ టేపక్క ఒక్కచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. చొక్కా అంచు మోకాలి ఎత్తులో వేలాడుతుంటే చుట్టూ బెంచీలు వేశారు. జనం వాటి మీద కూర్చుని కుడుతున్నారు. ఆమె ఆ చొక్కా చుట్టూ తిరిగేది, కాలరు దాకా తల ఎత్తి చూసేది, గేటు దాకా వెళ్లొచ్చేది, వచ్చి సూదుల్లోకి దారాలు ఎక్కించేది, మళ్లీ గేటు వైపు చూసేది. చాలదన్నట్టు పక్కన సైకిల్ మేస్త్రీ గోల ఒకటి. ఆయన కూడా గ్రాంటు పుచ్చుకుని, ఒకప్పుడు బస్సుల కింద దూరి పనిచేసే గుంత మీద ఇనుప చట్రం కట్టి, దానికి నాలుగు వందల సైకిల్ బెల్లులు బిగించాడు. వచ్చిన ప్రతివాడూ మోగించాల్సిందే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ట్రింగు ట్రింగుమని చెవులు చిల్లులు పడేవి. అసలే ఆమెకు లోపల ఊరట లేదు, బయట ఈ మోత.

"కాసేపు కూర్చో టేపక్కా. నువ్విలా తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి" అనేవాడు మేస్త్రీ.

"నువ్వా బెల్లులు ఆపించు, నేను కూర్చుంటా" అనేది ఆమె.

అంతవరకూ బాగానే ఉంది. కానీ మనిషికి గుణం అనేది ఒకటి ఏడుస్తుంది కదా. మొదటి రోజు సాయంత్రానికే చొక్కా నిండా వంకర కుట్లు. ఒక గుండీ దారం మీద ఊగుతోంది. ఇంకోదానికి ముడే లేదు. ఒకాయన నాలుగు రంధ్రాల గుండీని రెండు రంధ్రాలతో సరిపెట్టి, పని అయిపోయిందని చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. టేపక్కకు ఆ రాత్రి అన్నం సహించలేదు. డిపో గేట్లు పదింటికి తెరుస్తారు. రెండో రోజు ఆమె ఏడింటికే వచ్చింది. ఆ ఊడిపోయేవి ఒక్క రెండు సరిచేద్దాం, అంతే అనుకుంది. రెండు నాలుగయ్యాయి, నాలుగు నలభై అయ్యాయి. మూడో రోజు నుంచి అది రోజువారీ పని అయిపోయింది. చిన్న కత్తెరతో దారం కత్తిరించడం, పీకడం, అదే గుండీని అదే చోట చక్కగా కుట్టడం. ఎవరిదో ఏమిటో చూసేది కాదు. చేతులు వాటంతటవే నడిచేవి. ఆ మూడు గంటలే ఆమెకు మనసు కాస్త నెమ్మదిగా ఉండేది.

ఎనిమిదో రోజు, శుక్రవారం, కమిటీ మేడం ఫైలు చంకన పెట్టుకుని వచ్చింది. చొక్కా చుట్టూ ఒకసారి తిరిగింది. కళ్లజోడు పైకి తోసి ఇంకోసారి తిరిగింది.

"ఇన్ని వందల మంది కుట్టారంటున్నారు. అన్నీ ఒకే చెయ్యిలా ఉన్నాయేమిటండీ?"

"మా ఊరివాళ్లు పనిమంతులు మేడం" అంది టేపక్క.

"నిన్న మా ఆయన కూడా ఒకటి కుట్టి వెళ్లారు. ఆయన పనితనం నాకు తెలియనిది కాదు" అని మేడం ఆమెను ఎగాదిగా చూసి, ఫైల్లో ఏదో రాసుకుని వెళ్లిపోయింది.

టేపక్క ముఖం మాడిపోయింది. అది చూసి మేస్త్రీకి జాలేసినట్టుంది. దగ్గరికొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.

"నీకు చెప్పొద్దంది గానీ, నా కడుపులో మాట దాగదు. మీ అక్క వచ్చింది."

టేపక్క చేతిలో సూది జారిపోయింది. "ఎప్పుడు?"

"మంగళవారం మధ్యాహ్నం. నువ్వు భోజనానికి వెళ్లావు చూడు, అప్పుడు. అచ్చం నీ పోలికే. ఎడమచేత్తో కుట్టింది. అదిగో, కిందికి వేలాడే ఆ చొక్కా చేతి చివర పట్టీ దగ్గర కూర్చుని చాలాసేపు కుట్టింది. ఎవరమ్మా మీరు అనడిగితే చెప్పింది. ఆదివారం మళ్లీ వస్తా, నా కుట్టు అప్పటికి అలాగే ఉంటే మా చెల్లితో మాట్లాడతా, లేకపోతే ఇక ఈ జన్మకి లేదు అంది. నీకు మాత్రం చెప్పొద్దని మరీ మరీ చెప్పింది. ఇంకేం, నీ దిగులు తీరినట్టే కదా?"

టేపక్క లేచి చేతి పట్టీ దగ్గరికి వెళ్లింది. అక్కడ ఇరవై మూడు గుండీలున్నాయి. అన్నీ తెల్లవి, చొక్కాల గుండీలే. అన్నిటికీ దారం ఒకే వాలుగా, ఒకే బిగువుతో, తన చేత్తో కుట్టి ఉంది. బుధవారం పొద్దున ఈ పట్టీ అంతా ఆమే విప్పింది, ఆమే కుట్టింది. అక్క కుట్టు తన వేళ్ల కిందికి వచ్చింది, తనే దాన్ని కత్తిరించి నేల మీద ఊడ్చేసింది. అది ఏ గుండీయో కూడా ఇప్పుడు తెలియదు. ఆమె అక్కడే గోడకు చేరగిలబడి, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మేస్త్రీ ఏమైందో తెలియక వెళ్లి బెల్లులు మోగకుండా జనాన్ని కాసేపు ఆపాడు.

శనివారం పొద్దున ఏడింటికి టేపక్క మళ్లీ వచ్చింది. ఈసారి పని వేరు. పట్టీ మీద మధ్యలో ఉన్న గుండీ ఒకటి విప్పి, సూది ఎడమచేతిలోకి తీసుకుంది. అక్క కుట్టు ఎలా ఉంటుందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? ఇరవై రెండేళ్లు దాన్ని తిట్టుకుంటూనే చూసింది. కానీ చెయ్యి మాట వినలేదు. సూది వేలిలో దిగింది. విప్పింది, కుట్టింది, మళ్లీ దిగింది. పదయ్యేసరికి ఎదురు వాలు కుట్టు ఒకటి ఎలాగో పడింది. వేలికి గుడ్డ చుట్టుకుని దాని ముందు కూర్చుని చూసింది. సిగ్గేసింది. అయినా దాన్ని విప్పలేదు. ఆ రోజు మిగతా ఏ గుండీ జోలికీ పోలేదు. పోకుండా ఉండటానికి చేతులు రెండూ ఒళ్లో ముడేసుకుని కూర్చోవాల్సి వచ్చింది.

ఆదివారం పదకొండింటికి అక్క వచ్చింది. జుట్టు బాగా నెరిసింది. చెల్లెలి వైపు చూడకుండా తిన్నగా చేతి పట్టీ దగ్గరికి నడిచింది. టేపక్క వెనకే వెళ్లింది. అక్క పట్టీని రెండు చేతుల మీదికి తీసుకుని, ఎదురు వాలు కుట్టున్న గుండీని చూసి ఆగింది.

"ఇదెవరిది?"

నీదే అందామని నోరు తెరిచింది టేపక్క. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మూడేళ్ల తర్వాత అక్క ముఖం ఇంత దగ్గరగా చూస్తూ అబద్ధం ఆడటం ఆమె వల్ల కాలేదు.

"నాదేనక్కా. నీది విప్పేశాను. నీదని తెలీదు. తెలిస్తే విప్పేదాన్ని కాదు, ఒట్టు."

అక్క పట్టీ అంచున నాలుగో గుండీ మీద వేలు పెట్టింది. "నాది ఇది" అంది. "నాదని తెలిస్తే విప్పవా? ఆ నలభై చొక్కాలూ నావని తెలియకే విప్పావా?"

టేపక్క తల దించుకుంది. బెల్లులు మోగుతూనే ఉన్నాయి. అక్క పట్టీని వదిలేసి సంచి భుజానికి తగిలించుకుంది. రెండడుగులు వేసింది. అయిపోయింది అనుకుంది టేపక్క. బెంచీ మీద కూలబడింది.

అక్క ఆగింది. తిరిగొచ్చి, ఆ దొంగ కుట్టున్న గుండీని మళ్లీ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

"దీన్ని ఎడమచేత్తో కుట్టావా?"

"ఊఁ."

"ఎన్నిసార్లు పొడుచుకున్నావే?"

టేపక్క గుడ్డ చుట్టిన వేలు చూపించింది. "ఏడు."

అక్క పెదవి బిగబట్టింది గానీ నవ్వు ఆగలేదు. "ఛీ, ఎంత దరిద్రంగా ఉందో! నేను జన్మలో ఇలా కుట్టలేదు."

"విప్పెయ్యనా?"

"ముట్టుకున్నావంటే చంపేస్తా" అంది అక్క. చెయ్యి చాపింది. "ఆ కత్తెర ఇలా ఇవ్వు."

టేపక్క చిన్న కత్తెర తీసిచ్చింది. అక్క నాలుగో గుండీ దారాన్ని కత్తిరించి, గుండీని అరచేతిలో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. కత్తెర తన సంచిలో వేసుకుంది. సూది తీసి ఆగింది.

"నువ్వు చూస్తుంటే నా చెయ్యి ఆడదు. ఎప్పుడూ ఆడలేదు. అటు తిరుగు."

టేపక్క అటు తిరిగి కూర్చుంది. వీపు వెనక బట్టలోంచి దారం లాగుతున్న చప్పుడు బెల్లుల మోతలోనూ ఆమెకు వినపడుతోంది. వాలు ఎటు పడుతోందో, ముడి ఎక్కడ వేస్తోందో చూడాలని మెడ లాగుతోంది. చేతులు ఊరుకోక మెడలో టేపును చుడుతున్నాయి, విప్పుతున్నాయి.

"అయిందా అక్కా?"

"ఇంకా లేదు."

ఒక గుండీ కుట్టడానికి ఎంతసేపు పడుతుందో టేపక్కకు తెలుసు. ఆ సమయం ఎప్పుడో దాటిపోయింది. వెనక సంచిలోంచి కత్తెర తీసిన చప్పుడైంది, తను కుట్టిన ఇంకో దారం తెగింది. ఇంకో గుండీ మొదలైంది. ఆమె కళ్లు తుడుచుకుంది గానీ వెనక్కి తిరగలేదు.