హన్నా అల్లిన దుప్పటి

“పనిలేని చేతులకే గిసోంటి ఆటలు,” అనేది సారమ్మ, కోడలి చేతిలో క్రోషా సూది కనబడ్డప్పుడల్లా. హన్నాకు నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది. నాచారం ఫ్యాక్టరీ వెనక బస్తీలో తెల్లారకముందే బోరింగు దగ్గర నిలబడి నీళ్ళు మోసి, మొగుడు ఆశీర్వాదానికి టిఫిన్ కట్టి, అత్త కాళ్ళకు నూనె రాసి, గిన్నెలు తోమాక మధ్యాహ్నం గడప మీద దొరికే అరగంటే ఆమెది. అల్లిక ఆమె చిన్నప్పుడు క్రైస్తవ మిషనరీల హాస్టల్లో నేర్చుకున్నది. కడుపుతో ఉన్నానని తెలిసిన నెలలోనే పాత స్వెట్టర్లు విప్పి, ఊలు ఉతికి ఆరబెట్టి, చిన్న దుప్పటి మొదలుపెట్టింది. అరచేయంత గళ్ళు. నడుమ పసుపు, చుట్టూ ఎరుపు, దాని చుట్టూ ఆకుపచ్చ. ఒక్కో గడి అల్లుతూ లోపలి బిడ్డతో ముచ్చట్లు చెప్పేది.

ఎనిమిదో నెలలో బిందెతో జారిపడింది. ఆడపిల్ల. ఏడవకుండానే పుట్టింది. హన్నాకు తెలివి వచ్చేసరికి ఆశీర్వాదం పూడ్చిపెట్టి వచ్చి స్నానం కూడా చేశాడు. “సూస్తె మర్సిపోవుడు కష్టమైతది,” అంది సారమ్మ. నెల తిరక్కుండానే హన్నా మళ్ళీ బోరింగు దగ్గర నిలబడింది. మిగిలిన గళ్ళు కూడా అల్లి, అన్నీ కలిపి కుట్టి, ట్రంకుపెట్టె అడుగున దాచింది. ఎందుకు పూర్తి చేసిందో ఆమెకే తెలియదు. చేతులు ఆగితే ఊపిరి కూడా ఆగుతుందేమో అనిపించేది.

ఏడాది గడిచింది. ఒక ఆదివారం ఆశీర్వాదం ఆమెను సైకిలు మీద ఉప్పల్ తీసుకుపోయాడు. ఫ్యాక్టరీలో అతని సూపర్‌వైజరు చలపతిరావు ఇంట్లో మనవరాలిని ఉయ్యాలలో వేస్తున్నారు. హన్నా ఉయ్యాలలోకి తొంగిచూసి అలాగే నిలబడిపోయింది. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ.

“ఎంత బావుందోనమ్మా!” అంది చలపతిరావు భార్య తారామణి. “మీ అత్తగారు అల్లారటగా. ఆ వయసులో ఎంత ఓపిక!”

హన్నా మొగుడి వైపు చూసింది. అతను గుమ్మం దగ్గర తన చెప్పులు చూసుకుంటున్నాడు.

“నేనల్లిన్నమ్మా. నా బిడ్డకు.”

“మరి పాపేదీ? తీసుకురాలేదే?”

“సచ్చి పుట్టింది.”

తారామణి గబుక్కున దుప్పటి లాగబోయింది. నిద్రలో ఉన్న పసిదాని పిడికిట్లో దాని అంచు ఉంది. హన్నా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఉండనీయుండ్రమ్మా. ఎవ్వరు కప్పుకోలే. కొత్తదే.”

తిరుగుదారిలో ఆశీర్వాదం పళ్ళు కొరికాడు. “పర్వు తీసినవ్. పెద్ద పోస్టు ఇప్పిస్తనన్నడు, అంతా ఖరాబ్ జేసినవ్. పెట్టెల ఊకె పడున్న బట్టకు గింత లొల్లా?”

“ఆపు,” అని హన్నా సైకిలు దిగింది. ఏడాదిగా నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాట ఇప్పుడు ఆగలేదు. “బిడ్డను యాడ బొందవెట్టిన్రు?”

“గిప్పుడు గదెందుకే?”

“జెప్పు.”

అతను నిజంగానే ఆలోచించాడు. “సమాధుల తోటల... గోడ కాడనో, యాపచెట్టు కాడనో. యాది లేదు.”

ఆ గొంతులో అబద్ధం లేదు. అదే ఆమెను కోసేసింది. ఇందాక ఉప్పల్ సందుల్లో ఎవరినీ అడగకుండా సూపర్‌వైజరు ఇంటికి తీసుకుపోయిన మనిషి ఇతనే.

“ఎక్కు. అమ్మకు అన్నం యాళ్ళయింది.”

హన్నా కొంగు నడుముకు చుట్టుకుంది.

“నువ్వు పో. నేను శాంతయ్య తాత ఇంటికి పోత. గుంత తవ్వినాయనకైన యాదుంటది.”