పసుపు చుక్క

పికప్ కొనడానికి వచ్చినాయన పాత బళ్లు సేకరిస్తాడు. కంపెనీ నుంచి వచ్చిన భాగాలేవో, తర్వాత మార్చినవేవో గుర్తుపెట్టి చూపిస్తేనే బేరం అన్నాడు. అందుకే వదిన మరిదికి కబురు పెట్టింది. అతనిది స్పేర్‌పార్ట్స్ దుకాణం. గుండెపోటుతో పోయిన అన్న బండి మీద, అసలువాటికి తెల్ల సుద్ద, మార్చినవాటికి ఎర్ర సుద్ద గీసుకుంటూ పోతున్నాడు.

"ఎడమ తలుపు మార్చిందే. బోల్టుల మీద రంగు లేచిపోయింది చూడు."

"నీ లెక్క చూస్తే అసలుది హారన్ ఒక్కటే మిగిలేట్టుంది మరిదీ."

"అదీ మార్చిందే వదినా."

నవ్వుతూనే ముందు చక్రం వెనక్కి దూరాడు. బ్రేకు ఆయిల్ పోయే రబ్బరు గొట్టాన్ని గుడ్డతో తుడిచాడు. చివరనున్న ఇత్తడి బిళ్ల మీద పసుపు చుక్క కనబడింది. నవ్వు ఆగిపోయింది.

ఆ చుక్క తను పెట్టిందే. ఎవరైనా సరుకు తిరిగి తెస్తే తన దుకాణానిదో కాదో తెలియడానికి. ఒక్క విడత సరుకుకే పసుపు వాడాడు. ఆరేళ్ల కిందట పది గొట్టాలు వస్తే, రెండు పగిలి తిరిగొచ్చాయి. మిగతా ఎనిమిదీ పారేయడానికి చెయ్యి రాక, మలుపు దగ్గరి మెకానిక్‌కు చవగ్గా అంటగట్టాడు.

"ఈ గొట్టం అన్నయ్య ఎక్కడ వేయించాడు?"

"మలుపు మెకానిక్ దగ్గర. నీ దగ్గరికి పొమ్మంటే విన్లేదు. తమ్ముడు డబ్బు పుచ్చుకోడు, వాడికెందుకు నష్టం అన్నాడు."

అతను బయటికి వచ్చేసరికి ఇంజిన్ మోగింది. కొనేవాడు స్టీరింగు ముందు, పక్కన అతని భార్య.

"ఓ చుట్టు వేసొస్తాం."

వీధి ఏటవాలుగా దిగి సరిగ్గా బడి గేటు ముందు తేలుతుంది. ఎర్ర సుద్ద గీస్తే చాలు, సరుకు ఎవరిదని ఎవరూ అడగరు. ఆరేళ్లు ఆగింది, ఇంకో పది నిమిషాలు ఆగదా? వాటిని అమ్మిన రోజూ ఇలాగే లెక్క వేశానని గుర్తొచ్చింది. కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళంచెవి లాగేశాడు.

"దిగండి."

వాళ్లు దిగాక గొట్టాన్ని వేళ్లతో వంచి చూపించాడు. రబ్బరు నోరు తెరిచింది. బ్రేకు ఆయిల్ చుక్కలు చుక్కలుగా మట్టిలో పడింది. కొనేవాడి భార్య తన భర్త చొక్కా పట్టుకుంది.

"ఎవడు అమ్మాడు ఆ దిక్కుమాలిన సరుకు?" అంది వదిన.

"నేనే వదినా."

వదిన బండి తలుపు మీద చెయ్యి వేసింది. "ఆయన పక్కన రోజూ ఇందులోనే కూర్చున్నాను," అంది మెల్లగా. "ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"ఏడు."

"ఎవరి బళ్లకి?"

తెలియదు. తెలిసుంటే మెకానిక్‌కే తెలియాలి. సుద్దలు అక్కడే పడేసి మలుపు వైపు పరుగులాంటి నడకతో బయల్దేరాడు. ఏటవాలులో ఏ బండి బ్రేకు కీచుమన్నా కాళ్లు ఆగిపోతున్నాయి. చప్పుడు లేకుండా ఏదైనా దిగి వస్తుంటే ఇంకా భయమేస్తోంది.